బ్యాగులో ఒక్క తూటా: ఫ్లైట్ ఎక్కే ముందు ఈ రూల్స్ తెలుసుకోండి

జొన్నాడ నుంచి మాట్లాడుతున్నాను. నా వెనకాల కనిపిస్తున్నది మన గౌతమి గోదావరి. ఆ బ్రిడ్జి దాటితే రావులపాలెం. మధ్యలో లారీ హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, హైవే పక్కనే కూర్చున్నాం, ఆయ్.

ఈ రోజు టాపిక్ వినగానే మీలో చాలామంది వీడియో తిప్పేద్దాం అనుకుంటారు. తుపాకీ, తూటాలు పట్టుకుని విమానం ఎక్కాలంటే రూల్స్ ఏంటి? ఇదీ టాపిక్. "మాకు తుపాకీ ఎక్కడిదండీ, మాకెందుకు ఇది?" అంటారు కదా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నాకు తుపాకీ లేదు. జన్మలో ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదు. అయినా ఒకసారి ఎయిర్‌పోర్టులో నా బ్యాగులోంచి తూటా బయటపడింది. ముందు ఆ కథ చెప్తాను, తర్వాత రూల్స్‌లోకి వెళ్దాం.

మా పెదనాన్న ఆర్మీలో చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఒక బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేశారు. మీరు చూసే ఉంటారు, బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు మీద డబుల్ బారెల్ తుపాకీ పట్టుకుని కూర్చుంటారు చూడండి, అది. ఆ తుపాకీ చాలాచోట్ల బ్యాంకుది కాదు, ఆ గన్‌మ్యాన్ సొంతది. లైసెన్సు కూడా ఆయన పేరు మీదే. మా పెదనాన్నదీ అంతే. పన్నెండు బోరు తుపాకీ, పక్కా లైసెన్సు, ఏ లోటూ లేదు.

నాకేమో హైదరాబాద్‌లో గల్ఫ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. పొద్దున్న ఫ్లైటుకి వెళ్ళి, సాయంత్రం బస్సుకి వచ్చేద్దామని ప్లాన్. మంచి బ్యాగు లేదు. పెదనాన్న దగ్గర గట్టి నైలాన్ బ్యాగు ఉంది. "తీసుకుపోరా అబ్బాయ్, దాన్ని ఎవరు వాడుతున్నారు" అన్నారు. పైన బట్టలు, సర్టిఫికెట్లు పెట్టాను. మా అమ్మ ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒకటి కుక్కింది, అక్కడ పిన్ని వాళ్ళకి ఇమ్మని. అంతే, జిప్పు వేసేశాను. అడుగున పక్క అరలో ఏముందో చూడలేదు.

ఎక్స్‌రే దగ్గర బెల్టు ఆగింది. ముందుకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ ఆగింది. ఆ ఆఫీసర్ నన్ను పిలిచి "ఈ బ్యాగు మీదేనా?" అన్నారు. నాదే అన్నాను. "మీరే సర్దారా?" నేనే అన్నాను. నా ఎదురుగానే తెరిచారు. అడుగు అరలో, చిరిగిన లైనింగ్ లోపలికి జారిపోయి, ఎర్ర ప్లాస్టిక్ గొట్టం, కింద ఇత్తడి అడుగు. బొటనవేలంత ఉంటుంది. పెదనాన్న డ్యూటీకి ఆ బ్యాగే పట్టుకెళ్ళేవారు. ఎప్పుడు జారిందో ఆయనకే తెలీదు.

అక్కణ్ణుంచి ఏం జరిగిందో చెప్తాను, ఎందుకంటే ఎవరికైనా దాదాపు ఇదే జరుగుతుంది. ఫ్లైటు వాళ్ళు నా బోర్డింగ్ పాస్ తీసేసుకున్నారు. కాగితం మీద వివరాలు రాశారు. లోకల్ పోలీసులు వచ్చారు. తూటా సీజ్ చేశారు. ఫ్లైటు వెళ్ళిపోయింది. ఇంటర్వ్యూ పోయింది. మధ్యాహ్నానికి పెదనాన్న కారు మాట్లాడుకుని, ప్లాస్టిక్ కవర్లో ఒరిజినల్ లైసెన్సు పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఆయన లైసెన్సు, తూటాలు కొన్న బిల్లులు, నా టికెట్టు, నా ఇంటర్వ్యూ లెటరు అన్నీ చూశారు. స్టేట్‌మెంట్లు రాయించుకున్నారు. రాత్రికి ఇంటికి పంపించారు. ఆ తర్వాత కూడా పెదనాన్న నాలుగైదు సార్లు తిరగాల్సి వచ్చింది, లెక్కలో ఒక తూటా ఎలా తప్పిందో సంజాయిషీ ఇవ్వడానికి.

ఏ ఎయిర్‌పోర్టో చెప్పను. అక్కడ ఎవరి తప్పూ లేదు, వాళ్ళ పని వాళ్ళు చేశారు. ఇంకోమాట. నాకు అలా అయ్యింది కాబట్టి మీకూ అలాగే అవుతుందని అనుకోకండి. ఇలాంటి వాటిలో నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇది అరుదైన విషయం కూడా కాదు. 2021 ఆగస్టులో శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పేరున్న రాజకీయ కుటుంబానికి చెందిన యువకుడి బ్యాగులో బుల్లెట్ దొరికిందని న్యూస్‌లో చూసే ఉంటారు. 2024 జూన్‌లో చెన్నై ఎయిర్‌పోర్టులో ఒక తమిళ నటుడి బ్యాగులో 40 బుల్లెట్లు దొరికాయి. ఆయనకి లైసెన్సు ఉంది. ఎలక్షన్ టైమ్ కాబట్టి తుపాకీ పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేశారు. తూటాలు మాత్రం బ్యాగులో ఉండిపోయాయి. కాగితాలు చూపించాక వదిలారు గానీ ఆ ఫ్లైటు మాత్రం దొరకలేదు. అంటే ఏంటి? పెద్దవాళ్ళకైనా, లైసెన్సు ఉన్నవాళ్ళకైనా ఎక్స్‌రే బెల్టు ఒక్కటే.

సరే, ఇప్పుడు చట్టం. భయపడకండి, సింపుల్‌గా చెప్తాను.

మన దేశంలో దీనికి 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. దాని కింద 2016లో వచ్చిన ఆయుధాల నిబంధనలు ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం తుపాకీకి మాత్రమే కాదు, తూటాకి కూడా లైసెన్సు ఉండాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. "తుపాకీ లేకుండా తూటా ఒక్కటీ ఏం చేస్తుంది?" అంటారు. చట్టం అలా చూడదు. 2019లో చేసిన సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంటే కనీసం 2 ఏళ్ళు, గరిష్ఠంగా 5 ఏళ్ళ జైలు, జరిమానా. మామూలు జనానికి లైసెన్సే ఇవ్వని రకం, అంటే నిషేధిత ఆయుధాల తూటాలైతే శిక్ష ఇంకా పెద్దది.

మరి తెలియకుండా ఉంటే? దానికీ సమాధానం ఉంది. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. నీ దగ్గర ఉంది అనాలంటే, అది ఉందని నీకు తెలిసి ఉండాలి. ఈ పాయింటు మీదే తర్వాత హైకోర్టులు చాలా ఎయిర్‌పోర్టు తూటా కేసులు కొట్టేశాయి. వినడానికి బాగుంది కదా? కానీ ఆలోచించండి. హైకోర్టు దాకా వెళ్ళాలంటే లాయరు ఫీజు ఎంత, ఎన్ని నెలలు? ఈలోగా కేసు పెండింగ్ అంటే పాస్‌పోర్టుకి అడ్డం, వీసాకి అడ్డం, పోలీస్ క్లియరెన్స్‌కి అడ్డం. మన కోనసీమలో ఇంటికొకరు కువైట్ అనో, దుబాయ్ అనో, మస్కట్ అనో వెళ్తున్న రోజులివి. వీసా వచ్చి, టికెట్టు తీసి, అప్పు చేసి బయల్దేరిన కుర్రాడికి ఆ ఆరు నెలలు అంటే జీవితం మారిపోతుంది. చివరికి కోర్టు నిన్ను నిర్దోషి అన్నా, ఆ ఉద్యోగం తిరిగి రాదు.

ఇప్పుడు రెండో వైపు. నిజంగానే తుపాకీతో ప్రయాణం చెయ్యాల్సినవాళ్ళు ఉంటారు. రిటైర్డ్ సైనికులు, గన్‌మ్యాన్లు, ముఖ్యంగా షూటింగ్ క్రీడాకారులు. మన హైదరాబాద్ వాళ్ళనే తీసుకోండి. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చారు. ఈషా సింగ్ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 4 పతకాలు తెచ్చింది. వీళ్ళు పోటీలకి వెళ్ళేటప్పుడు తుపాకీ కూడా వాళ్ళతో పాటే విమానంలోనే వెళ్తుంది. అంటే దారి ఉంది. ఆ దారి ఏంటో చూద్దాం.

మొదటిది. ప్రయాణికుడి తుపాకీ, తూటా క్యాబిన్‌లోకి రావు. ఎంత పెద్ద లైసెన్సు ఉన్నా సరే, చేతి బ్యాగులో పెట్టకూడదు. వెళ్తే చెకిన్ లగేజీలోనే వెళ్ళాలి. మన దేశంలో విమానాల భద్రత రూల్స్ పెట్టేది బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ. విమాన సంస్థలన్నీ దాని మాట ప్రకారమే నడుస్తాయి.

రెండోది. టికెట్టు బుక్ చేసేటప్పుడే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి అడగాలి. తీసుకుంటారా, ఫీజు ఎంత, ఎంత ముందు రావాలి? ఇవన్నీ కంపెనీకో రకంగా ఉంటాయి. తీసుకోం అని చెప్పే హక్కు కూడా వాళ్ళకి ఉంది. ఎయిర్‌పోర్టుకి వెళ్ళాక తెలుసుకుంటే లాభం లేదు.

మూడోది. ఒరిజినల్ లైసెన్సు చేతిలో ఉండాలి. జిరాక్సు పనిచెయ్యదు, ఫోన్లో ఫొటో పనిచెయ్యదు. అందులో మూడు చూసుకోండి. గడువు ఉందా? తుపాకీ మీద నంబరు, లైసెన్సులో నంబరు ఒకటేనా? ఆ లైసెన్సు ఎక్కడెక్కడ చెల్లుతుంది? ఇది చాలా ముఖ్యం. కొన్ని లైసెన్సులు ఆ రాష్ట్రం వరకే. ఆంధ్రా వరకే ఉన్న లైసెన్సుతో హైదరాబాద్‌లో దిగితే, దిగిన చోట నీకు లైసెన్సు లేనట్టే లెక్క.

నాలుగోది. తుపాకీ ఇంట్లోనే ఖాళీ చెయ్యాలి. ఎయిర్‌పోర్టులో, కారు పార్కింగ్‌లో కాదు. గట్టి పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. తూటాలు వేరుగా, కదలకుండా, వాటికోసం చేసిన డబ్బాలో ప్యాక్ చెయ్యాలి.

ఐదోది, అన్నిటికంటే ముఖ్యం. చెకిన్ కౌంటర్ దగ్గర బ్యాగు బెల్టు మీద పెట్టకముందే నోటితో చెప్పాలి. "నా దగ్గర లైసెన్సు ఉన్న తుపాకీ ఉంది, డిక్లేర్ చేస్తున్నాను" అని. పెట్టె తెరిచి తుపాకీ పైకి తీసి చూపించకూడదు, చుట్టూ జనం హడలిపోతారు. వాళ్ళు ఎక్కడ తెరవమంటే అక్కడ తెరవాలి. చెకింగ్ అయ్యాక దాన్ని వాళ్ళే లోపలికి తీసుకెళ్తారు, దిగిన చోట తిరిగి ఇస్తారు. ప్రయాణంలో దాన్ని ఎవ్వరూ ముట్టుకోలేరు, నువ్వు కూడా.

ఇక ఎన్ని తూటాలు? అంతర్జాతీయ రూల్ ప్రకారం ఒక ప్రయాణికుడికి ప్యాకింగ్‌తో కలిపి 5 కిలోలు. సొంత వాడకానికి మాత్రమే. మంట పుట్టించే రకం, పేలే మొన ఉన్న రకం అసలు కుదరదు. ఇద్దరి కోటా కలిపి ఒకే పెట్టెలో పది కిలోలు అంటే కూడా ఒప్పుకోరు. మన దేశంలో ఎయిర్‌లైన్లు సాధారణంగా 50 తూటాల దగ్గర ఆపేస్తాయి. క్రీడాకారులకి మినహాయింపులు వేరేగా ఉంటాయి. దీనికి తోడు లైసెన్సులో నువ్వు ఒకసారికి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో రాసి ఉంటుంది, అది దాటకూడదు. విదేశానికైతే వెళ్ళే దేశం అనుమతి, మధ్యలో ఫ్లైటు మారే దేశం అనుమతి కూడా ముందే కావాలి.

ఇప్పుడు మన వయసు వాళ్ళు ఎక్కువగా ఇరుక్కునే చోట్లు చెప్తాను.

ఒకటి, కీచైన్లు. బుల్లెట్ కీచైన్, బుల్లెట్ లాకెట్. కొన్ని ఉత్త లోహం ముక్కలు, కొన్ని నిజం తూటా గొట్టంతో చేసినవి. ఎక్స్‌రే స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. "ఖాళీదే కదా సార్" అనే మాట చెప్పేలోపు ఫ్లైటు వెళ్ళిపోతుంది. ఇంట్లో వదిలెయ్యండి.

రెండు, దీపావళికి తమ్ముడికి కొన్న బొమ్మ తుపాకీ, రీళ్ళు. బొమ్మ తుపాకీ నిజందానిలా ఉంటే క్యాబిన్‌లోకి రానివ్వరు. రీళ్ళు బాణసంచా కిందకి వస్తాయి, అవి ఏ బ్యాగులోనూ కుదరవు.

మూడు, ఎయిర్‌గన్. దానికి కొన్ని పరిమితుల లోపు లైసెన్సు అక్కర్లేదు, నిజమే. కానీ లైసెన్సు అక్కర్లేదు అంటే విమానంలో పట్టుకెళ్ళొచ్చు అని అర్థం కాదు. అది కూడా డిక్లేర్ చేసి చెకిన్‌లోనే వెళ్ళాలి.

నాలుగు, "చెకిన్‌లో పడేస్తే ఎవరు చూస్తార్లే" అనే ఆలోచన. చెకిన్ లగేజీకీ ఎక్స్‌రే ఉంటుంది బాబూ. తేడా ఏంటంటే, నువ్వు లోపల కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు మైకులో నీ పేరు పిలుస్తారు.

ఐదు, అమెరికాలో చదువుతున్న మన అన్నయ్యలు, అక్కయ్యలు. ఇది జాగ్రత్తగా వినండి. అక్కడ తుపాకీ ఫ్రీ అనుకుని వీకెండ్ గన్ రేంజ్‌కి వెళ్ళి రీల్ తీస్తారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నిషేధం. చెల్లే హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా అదే రూలు. వీసా మీద దెబ్బ పడుతుంది, గుర్తుపెట్టుకోండి.

అక్కడి ఎయిర్‌పోర్టుల సంగతి కూడా చెప్తాను. అక్కడ చెకింగ్ చేసే టీఎస్‌ఏకి 2023లో సెక్యూరిటీ దగ్గర 6,737 తుపాకులు దొరికాయి. అందులో నూటికి 93 లోడ్ చేసినవే. చాలామంది చెప్పే జవాబు "మర్చిపోయాను". తుపాకీ సంస్కృతి అంత ఉన్న దేశంలో కూడా రూలు మనదే. ఖాళీ చెయ్యాలి, గట్టి పెట్టెలో తాళం వెయ్యాలి, కౌంటర్లో చెప్పాలి. మర్చిపోతే వేల డాలర్ల జరిమానా.

చివరగా, ఎప్పుడైనా మీ బ్యాగులో ఇలాంటిది బయటపడితే ఏం చెయ్యాలి? నేను ఆ రోజు చేసినవి, చెయ్యాల్సి ఉండి చెయ్యనివి రెండూ కలిపి చెప్తున్నాను.

దాన్ని ముట్టుకోకండి. బ్యాగు నాది కాదు అని అబద్ధం ఆడకండి, కెమెరాలు అన్నీ చూస్తుంటాయి. జోకులు వెయ్యకండి. బ్యాగు ఎవరిది, ఎప్పుడు తీసుకున్నారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంటికి ఫోన్ చేసి, లైసెన్సు ఉన్నవాళ్ళు ఉంటే ఒరిజినల్‌తో రమ్మనండి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. అది మీకు రాని భాషలో ఉంటే చదివి వినిపించమని అడగండి. అరెస్టు అంటే లాయరుతో మాట్లాడే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. లాయరుకి డబ్బులు లేకపోతే 15100కి ఫోన్ చెయ్యండి, అది ఉచిత న్యాయ సహాయం నంబరు. ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి.

ఆ రోజు రాత్రి తిరిగొచ్చేటప్పుడు కారులో నేనూ పెదనాన్నా చాలాసేపు మాట్లాడుకోలేదు. వేమగిరి దాటాక ఆయన మెల్లగా అన్నారు: "ఇన్నేళ్ళు తుపాకీ మోశానురా. ప్రతి తూటాకీ లెక్క చెప్పాను. ఒక్కటి తప్పింది, అది వచ్చి నీ నెత్తిన పడింది." నాకు ఇంటర్వ్యూ పోయినదానికంటే ఆయన గొంతు అలా వినడం ఎక్కువ బాధనిపించింది. ఇంటికెళ్ళాక అర్ధరాత్రి పూట ఇంట్లో ఉన్న బ్యాగులన్నీ అరుగు మీద బోర్లించారు. ఒక్కో అర తిరగేసి దులిపారు. నేనూ పక్కన కూర్చుని దులిపాను. పాత బస్సు టికెట్లు, రూపాయి బిళ్ళలు, ఒక ఎండిపోయిన నిమ్మకాయ. తూటాలు ఇంకేం లేవు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక రూలు. ఎవరు ఎక్కడికి ఫ్లైటెక్కినా, బ్యాగు ముందు రోజు రాత్రి పూర్తిగా ఖాళీ చేసి, తలకిందులుగా దులిపి, లైనింగ్ చేత్తో తడిమి, అప్పుడు సర్దాలి. అరువు తెచ్చిన బ్యాగైతే రెండుసార్లు. ఎవరైనా "మా వాడికి ఈ పార్శిల్ ఇచ్చెయ్" అంటే వాళ్ళ ఎదురుగానే విప్పి చూడాలి. మొహమాటం ఒక్క నిమిషం, కేసు కొన్నేళ్ళు.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. చెప్పిన తూటాకి దారి ఉంది, చెప్పని తూటాకి కేసు ఉంది. చెప్పాలంటే ముందు అది ఉందని నీకు తెలియాలి. కాబట్టి ఎయిర్‌పోర్టు ఎక్స్‌రే కంటే ముందు నీ చేతులే ఎక్స్‌రే కావాలి.

మీ ఇంట్లో ఆర్మీలో చేసినవాళ్ళు, పోలీసులు, గన్‌మ్యాన్లు ఎవరైనా ఉంటే, వాళ్ళ బ్యాగు మీరు ఎప్పుడైనా వాడుతుంటే, ఈ వీడియో వాళ్ళకి చూపించండి. రేపో ఎల్లుండో గల్ఫ్ వెళ్ళే ఫ్రెండ్ ఉంటే వాడికి పంపండి. మళ్ళీ కలుద్దాం. ఉంటానండి మరి, నమస్తే.